నడుమ చుక్క ఉన్న రాయి

రెండువేల పద్దెనిమిది ఆషాఢంలో నన్ను బంగారం కౌంటరు నుంచి తీసి వజ్రాల కౌంటరుకు ఇన్‌చార్జిగా వేశారు. నెల్లూరులో మా నగల దుకాణం మూడంతస్తులు. కింద వెండి, నడుమ బంగారం, పైన వజ్రాలు. ఆషాఢంలో కొనేవాళ్ళుండరు కాబట్టి మార్పులన్నీ ఆ నెలలోనే చేస్తారు. ఇన్‌చార్జి అంటే పెద్ద పదవేమీ కాదు. కౌంటరులో అమ్మేవాళ్ళు నలుగురు, వాళ్ళ మీద నేను, నా మీద ఫ్లోర్ మేనేజరు, ఆయన మీద యజమాని. పొద్దున ట్రేలు సరిచూసి సంతకం పెట్టేది నేను, సాయంత్రం మళ్ళీ సరిచూసి సంతకం పెట్టేది నేను. నడుమ మంచి అమ్మకం జరిగితే పేరు మేనేజరుది, తగాదా వస్తే పేరు నాది.

ఆ పదవి నాకు చదువు వల్ల రాలేదు, బేరం వల్ల వచ్చింది. నాయుడుపేటలో మా నాయనది కిరాణా అంగడి, మేనమామది గుడ్డల అంగడి, రెంటికీ గోడ ఒకటే. మా అమ్మ వీధి చివర అంగళ్ళకు పోయి బేరమాడేది. మా నాయన అలాంటి అమ్మలతోనే ఇవతల కూర్చుని బేరమాడేవాడు. కాబట్టి నాకు రెండు వైపుల విద్యా వచ్చు. కొనేవాళ్ళ విద్య ఏమిటంటే, ధర నచ్చనట్టు లేచి, వెనక్కి చూడకుండా నడవాలి, పది అడుగుల్లోపల పిలుస్తారు. అమ్మేవాళ్ళ విద్య, కరెంటు స్తంభం దాకా పోనిచ్చి అప్పుడు పిలవాలి. ముప్పై ఏళ్ళు ఈ రెండు ముక్కలతోనే నెట్టుకొచ్చాను. పెళ్ళిచూపుల్లో కూడా నేను మధ్యలో లేచి లోపలికి పోతే వెనక్కి పిలిచామని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఆ పిలుపు రాకపోతే ఏమవుతుందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రాయి సంగతి చెప్పాలి. గుండ్రటి వజ్రాన్ని పక్కనుంచి చూస్తే పొట్టి బొంగరంలా ఉంటుంది. పైన చదునుగా ఉన్న పలకను టేబుల్ అంటాం. దాని చుట్టూ వాలుగా దిగేది క్రౌన్. నడుముకు మొలతాడులా ఉండే సన్నటి అంచు గర్డిల్. అక్కడినుంచి కిందికి గరాటులా పోయేది పెవిలియన్. గరాటు చివరి మొన క్యూలెట్. కొలతలన్నీ రాయి వెడల్పులో నూటికి ఎంత అనే లెక్కలో చెబుతాం. టేబుల్ యాభై ఐదు, యాభై ఏడు దగ్గర ఉండి, మొత్తం లోతు అరవై, అరవై రెండు మధ్య ఉంటే, పైనుంచి దిగిన వెలుగు గరాటు గోడలకు తగిలి మళ్ళీ పైకే వస్తుంది. గరాటు మరీ లోతైతే వెలుగు పక్కకు జారిపోయి రాయి నడుమ బావిలా నల్లబడుతుంది. బరువు కూడా కిందే దాక్కుని, అరకేరెట్టు రాయి అంతకంటే చిన్నదానిలా కనిపిస్తుంది. లోతు మరీ తక్కువైతే రాయి వెడల్పుగా, ఘనంగా కనిపిస్తుంది గాని, టేబుల్ లోపల బూడిదరంగు వలయం ఒకటి తేలుతుంది.

కొనడానికి వచ్చేవాళ్ళు రంగు అడుగుతారు, నల్లమచ్చ ఉందా అని అడుగుతారు, బరువు అడుగుతారు. ఈ కొలతలు అడిగినవాళ్ళు నా కాలంలో నాకు గుర్తుండేంత తక్కువమంది. అడగనిది చెప్పకపోవడం మా ఉద్యోగంలో భాగం. పైకప్పులోంచి చిన్న చిన్న దీపాలు సూటిగా ట్రేల మీదికి పడేట్టు పెడతారు, వాటి కింద పగిలిన సీసా ముక్క కూడా మెరుస్తుంది. రాయిని కిటికీ దగ్గరికి తీసుకుపోయి నీడలో చూడండి అని చెప్పే అమ్మకందారుని నేను చూడలేదు. నేనూ చెప్పలేదు.

మరుసటి ఏడాది శ్రావణంలో అంకమ్మ వచ్చింది. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె. మొగుడు పడవ మీద, ఆమె బుట్ట మీద. నలభై ఐదేళ్ళుంటాయి. మెట్లెక్కి పైకి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడింది. కొత్త మనిషి వస్తే కాళ్ళ నుంచి తల దాకా అంచనా వేయడం మాకు అలవాటు. నేను ఆ పనిలో ఉండగా పట్టుకుంది.

"ఏందక్కా అట్టా చూస్తుండావు? చేపల వాసన వస్తుండాదా? తలకు పోసుకొని, ఉతికిన చీర కట్టుకొని, బస్సులో కిటికీ పక్కన కూర్చొని వచ్చినా. ఇంకా వస్తుంటే అది నా వాసన కాదు, మా వంశానిది."

"మాది ఇంగువ వాసన. ఇన్నేళ్ళైనా పోలేదు. కూర్చో," అన్నాను.

కూర్చుని, కొంగు ముడి విప్పి, ఒక చెవి కమ్మ ట్రేలో పెట్టింది. ఒంటిరాయి కమ్మ. వెనక బంగారంతో మూసేసిన పాత కట్టడం. రాయి కూడా పాతకాలపు కోత, టేబుల్ చిన్నది, క్రౌన్ ఎత్తు. నడుమ ఆవగింజలో సగం ఉండే చుక్క. ఆ కాలంలో గరాటు చివర మొన దేలనీయకుండా చిన్న చదును పలకగా వదిలేసేవాళ్ళు. పైనుంచి చూస్తే అదే చుక్కలా కనిపిస్తుంది.

దీనికి జత కావాలి అంది అంకమ్మ. రెండోది సరస్సులో పోయింది. పడవలోంచి బుట్ట దించుకునేటప్పుడు వల దారం చెవికి తగులుకుని, మర వదులై, బురదలో పడింది. బీరువా తాళం పోయిందని ఇంట్లో చెప్పి మూడు రోజులు జల్లెడతో ఆ బురదంతా జల్లించింది. కమ్మలు ఆమె అత్త పోలమ్మవి. పోలమ్మకు కూతురు కూడా ఉంది, బిట్రగుంటలో ఇచ్చారు. కన్నకూతురిని కాదని కమ్మలు కోడలి చెవులకు పెట్టింది ముసలామె. ఆ మాట మీద కూతురు రెండేళ్ళు పుట్టింటి గడప తొక్కలేదట.

"ఇప్పుడు ఒకటి పొయ్యిందంటే, పొయ్యిందనరక్కా. అమ్ముకునిందంటారు," అంది అంకమ్మ.

మరి ఇన్నాళ్ళూ ఎలా దాచావని అడిగాను. పోలమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. మనిషి నీడలా కనపడుతుంది, అంతే. అయితే చేత్తో తడుముతుంది. చెవులు చీము పట్టాయని, మానిందాకా కమ్మలు తీసి పెట్టానని అంకమ్మ చెప్పింది. నెల్లూరు కంటి ఆసుపత్రిలో ఆపరేషనుకు రమ్మన్నారు. కళ్ళు వస్తే ముందు చూసేది కోడలి చెవులే. అందుకని అంకమ్మ ఆ ఆపరేషనును వాయిదా వేస్తూ వస్తోంది. ఒకసారి జ్వరమంది, ఒకసారి పడవ రిపేరంది, ఒకసారి మంచిరోజు లేదంది.

"నా చెవి కోసరం ఆమె కన్ను ఆపినా," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ట్రే వైపు చూస్తూ చెప్పింది.

వినాయక చవితి దాటాక ఆపరేషను. ఈసారి ఆపడం తన వల్ల కాదట. అప్పటికి జత కావాలి. ధర గురించి నేను మొదలుపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఎంతైనా తీసుకో. నేను చీటీ ఎత్తినా. బేరం నా దగ్గర పెట్టబాక, యాడ తెస్తావో ఆడ కూడా పెట్టబాక. దొరకడం ముఖ్యం."

అలాంటి మాట విన్నప్పుడు అంగడి మనుషులకు ఒక రకమైన జాలి కలుగుతుంది. బేరమాడడం చేతకాని మనిషి అనుకున్నాను.

మా కంసాలి ఆచారి చేత కట్టడం విప్పించి రాయి తూచాను. సరిగ్గా అరకేరెట్టు. గేజితో కొలిస్తే వెడల్పు అయిదు మిల్లీమీటర్లకు రవ్వంత తక్కువ, లోతు నూటికి అరవై ఎనిమిది, టేబుల్ నలభై ఎనిమిది. ఈ కాలపు రాళ్ళలో జత దొరకదని అప్పుడే తెలిసింది. బరువు కలిస్తే వెడల్పు కలవదు, వెడల్పు కలిస్తే మెరుపు కలవదు. ఆమెకు అర్థం కావడానికి మా ట్రేలోంచి నాలుగు గుండ్రటి రాళ్ళు తీసి తెల్లకాగితం మీద వరసగా పెట్టి, ఎలా ఉన్నాయో చెప్పమన్నాను. కౌంటరులో చేరిన కొత్త పిల్లలకు ఇదే పరీక్ష, నెలలు పడుతుంది.

అంకమ్మ వంగి చూసి రెండో రాయిని గోటితో పక్కకు నెట్టింది. "ఇది నిన్నటి చేప."

"ఎందుకు?"

"కన్ను చుట్టూ బూడిద గీత పడినాది చూడు. ఎంత మంచు కప్పినా అది దాగదు." తరవాత నాలుగోదాన్ని నెట్టింది. "దీని కన్ను లోపలికి పీక్కపొయ్యింది. కుళ్ళలేదుగాని తూకానికి తప్ప దేనికీ పనికిరాదు."

ముందు నెట్టింది లోతు తక్కువ రాయి, తరవాత నెట్టింది లోతు ఎక్కువ రాయి. మా అమ్మకం పిల్లలు నలుగురూ పని ఆపి చూశారు. వాళ్ళకు బుద్ధి చెబుతున్నట్టు నేను ఆమెను మెచ్చుకున్నాను. అంకమ్మ మాత్రం తన రాయి వైపే చూస్తోంది. "మాదానికి నడుమ చుక్క ఉండాలక్కా. మా అత్త దాన్ని చూసే గుర్తు పడతది. రెండింటికీ ఉండేది. రెండు కళ్ళకు రెండు పాపలు అనేది."

జాబ్ ఆర్డర్ స్లిప్ మీద నేను రాసింది ఇది: గుండ్రటి రాయి ఒకటి, యాభై సెంట్లు, జత కావాలి. కేరెట్టులో నూరో వంతును సెంటు అంటాం. చుక్క సంగతి రాయలేదు. మా విద్యలో చుక్క అంటే వెలుగు కారిపోయే బెజ్జం. లోపాన్ని ఆనవాలుగా రాయడం నాకు తట్టలేదు. ఇలాంటి పాత రాయి చేతికొస్తే చెన్నై ప్రయోగశాలకు పంపి, కొలతలు, లోపలి గీతలు, అన్నీ బొమ్మతో సహా కాగితం మీద వేయించాలని పద్ధతి. అదీ చేయించలేదు. నీకు ఆ ఖర్చు మిగిల్చాను చూడు అని అంకమ్మకు గొప్పగా చెప్పాను. ఫోనులో ఒక ఫొటో మాత్రం తీశాను. అందులో కమ్మ ఉంది, రాయి ఉండాల్సిన చోట ట్యూబ్‌లైటు మెరుపు ఉంది.

చెన్నై షావుకారుపేటలో పాత రాళ్ళు మాత్రమే అమ్మే సేటు ఒకాయన ఉన్నాడని మా యజమాని చెబితే, రాయిని పొట్లం కట్టుకుని పొద్దున రైలెక్కాను. రెండో అంతస్తులో చిన్న గది. సేటుకు డెబ్బై ఏళ్ళు పైబడ్డాయి. మాటలు తక్కువ. నా రాయిని లూప్‌లో చూశాడు, అంటే కంటికి ఆనించుకునే చిన్న భూతద్దంలో. లేచి, ఇనప్పెట్టెలోంచి ఒక పొట్లం తీసి విప్పాడు. అదే వెడల్పు. అదే ఎత్తు క్రౌన్. నడుమ చుక్క. రెండు రాళ్ళూ పక్కపక్కన పెడితే ఒకే గని, ఒకే చెయ్యి అనిపించింది. ఇరవై ఏళ్ళుగా పడి ఉందన్నాడు, జత లేని రాయి కాబట్టి.

ధర చెప్పాడు. అంకమ్మ ఎత్తిన చీటీ డబ్బులోపలే ఉంది. ఆ మాట ఆయనకు తెలియదు, నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా పడి ఉందన్న మాట మీద నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. అమ్ముడుపోని సరుకు కదా అన్నాను. పాత కోత ఎవరికి కావాలన్నాను. లోతు అరవై ఎనిమిది, బరువంతా అడుగున దాగింది, నడుమ బెజ్జం, ఇలా నేర్చుకున్న పాఠమంతా అప్పచెప్పాను. సేటు విని, ధర అదే అన్నాడు. కొంచెం తగ్గించమన్నాను. ధర అదే అన్నాడు. నేను అడుగుతున్న తేడా నా రైలు టిక్కెట్టు, ఆటో, మధ్యాహ్నం భోజనం కలిపితే అంత ఉంటుందేమో.

లేచాను. నా రాయి పొట్లం సంచిలో వేసుకుని, వెనక్కి చూడకుండా నడిచాను. మెట్ల మొదటి మలుపు దగ్గర చెప్పు సరిచేసుకునే మిషతో ఆగాను. పిలుపు లేదు. ఇంకో మలుపు దాకా నెమ్మదిగా దిగాను. వీధిలోకి వచ్చి ఎదురుగా టీ తాగి, ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మా నాయన ఎంతసేపు ఆగేవాడో సేటూ అంతసేపు ఆగుతాడనుకున్నాను. కరెంటు స్తంభం దగ్గరే ఉంది, దాన్ని దాటి కూడా పోయి చూశాను. మళ్ళీ మెట్లెక్కడానికి సిగ్గేసింది. రేపు తనే ఫోను చేస్తాడు అనుకుని సాయంత్రం రైలెక్కాను.

మూడో రోజు నేనే చేశాను. అమ్ముడైపోయింది అన్నాడు. మీరు జత గుర్తుచేశారు కదా అని లోపల వెతికితే, నా దగ్గరే అలాంటిది ఇంకొకటి దొరికింది, రెండూ కలిపి కోయంబత్తూరు వాళ్ళు తీసుకుపోయారు అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు. సరుకు పోయిందని చెప్పే మామూలు గొంతు.

అంకమ్మకు ఫోను చేసి, దొరకలేదు అని చెప్పాను.

ఆ ఒక్క మాట ఆ ఉద్యోగంలో నేను చెప్పిన అబద్ధాల్లో పెద్దదేమీ కాదు. రోజూ అంతకంటే పెద్దవి చెప్పేవాళ్ళం. అయితే దాని తరవాత నేను చేసిన ప్రతి పనీ ఆ అబద్ధాన్ని నిజం చేయడానికే చేశాను. జత దొరకదు కాబట్టి జత తయారుచేద్దాం అన్నాను. సూరత్‌లో మా వాళ్ళున్నారు, నీ రాయిని మళ్ళీ సానపట్టి ఇప్పటి కొలతలకు తెస్తారు, అదే కొలతలో కొత్త రాయి తెస్తారు, బరువు పది సెంట్లు తగ్గుతుందిగాని మెరుపు పదింతలవుతుంది అని చెప్పాను. దీపాల కింద ఒక కొత్త రాయిని దాని పక్కన పెట్టి చూపించాను. ఆ దీపాల సంగతి పైన రాశాను.

"చుక్క?" అంది.

"అది లోపం అంకమ్మా. మూసేస్తారు."

"మా అత్త..."

"కళ్ళొచ్చాక ఈ మెరుపు చూస్తే చుక్క సంగతి అడగదు."

ఆమె తన రాయిని అరచేతిలో పెట్టుకుని చూసింది. తరవాత, "నీకు తెలిసినంత నాకు తెలవదు గదా," అని స్లిప్పు మీద వేలిముద్ర వేసింది. నాలుగు రాళ్ళను నాలుగు చూపుల్లో తేల్చిన మనిషి ఆ మాట అన్నప్పుడు నేను ఆగి ఉండాల్సింది. ఆగకపోగా, ఈసారి ఆపరేషను ఇంకొక్క నెల జరుపు అని సలహా కూడా ఇచ్చాను. జరిపింది. ఆ నెల రెండు నెలలైంది.

కార్తీకంలో సూరత్ నుంచి పార్సిలు వచ్చింది. విప్పితే ఒకే పొట్లంలో రెండు రాళ్ళు. ఒక్కోటి నలభై సెంట్లు. వెడల్పు, లోతు, టేబుల్, క్రౌన్ వాలు, గర్డిల్ మందం, అన్నీ గేజికి అందినంత వరకు ఒకటే. పాత రాయిలో గర్డిల్ దగ్గర ఒక సన్నటి గీత ఉండేది, అది సానలో పోయింది. నేను పొంగిపోయి, కౌంటరులో పిల్లలను పిలిచి, వీటిలో పాతది ఏదో చెప్పండి చూద్దాం అని పందెం వేశాను. ఎవరూ చెప్పలేకపోయారు. నవ్వాను. జవాబు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు, ఇంతలో ఎవరో పెళ్ళివాళ్ళు వచ్చారు.

ఆచారి కమ్మలు కట్టాడు, ఈసారి వెనక తెరిచిన కట్టడం. అంకమ్మ వచ్చి పెట్టుకుని అద్దంలో చూసుకుంది. మెరుస్తున్నాయి అంది. ఆ మాట మెచ్చుకోలుగా అనలేదు, వాన పడుతోంది అన్నట్టు అంది. మరుసటి వారం పోలమ్మకు మొదటి కంటి ఆపరేషను జరిగింది. ఇంకో నెలకు రెండోది.

రెండోది అయిన పది రోజులకు ఇద్దరూ మా కౌంటరుకు వచ్చారు. పోలమ్మ సన్నటి మనిషి, నల్లద్దాలు, చేతిలో మందు సీసాల సంచి. ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చారు. కూర్చున్నాక అద్దాలు తీసి పైకప్పు దీపాలను, ట్రేలను, నన్ను వరసగా చూసింది. కొత్తగా కళ్ళొచ్చినవాళ్ళు అన్నిటినీ అలా చూస్తారు. అంకమ్మ చెవుల్లోంచి కమ్మలు తీసి ట్రేలో పెట్టింది. ఆమె ముఖం ఉబ్బి ఉంది.

"నువ్వే చెప్పక్కా," అంది. "ఇవి మా కమ్మలు కావంటుండారు, నేను చెప్తే నమ్మేట్టు లేరు. బిట్రగుంట నుంచి ఆడబిడ్డ కూడా వచ్చి కూర్చొనింది."

ఏం చెప్పాలో ఎంత వరకు చెప్పాలో ఆమె చెప్పలేదు. ఒకటి పోయిన సంగతి ముసలామెకు తెలియదు. అది దాచి, సాన సంగతి చెప్పడం కుదరదు. నేను రాయి గురించి మొదలుపెట్టాను. టేబుల్, లోతు, వెలుగు తిరిగి రావడం, అన్నీ చెప్పాను. పోలమ్మ విని, ఒక కమ్మను ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఇందులో నల్ల కాళ్ళు ఉండాయి. కాకి కాళ్ళు. ఎనిమిది."

బాగా కుదిరిన గుండ్రటి రాయిని దగ్గరనుంచి చూస్తే ఎనిమిది నల్లటి బాణాలు కనిపిస్తాయి. అవి రాయిలోవి కావు. చూసేవాళ్ళ తల వెలుగుకు అడ్డం వస్తుంది, దాని నీడే అద్దాల్లో పడినట్టు పడుతుంది. మంచి కోతకు అది గుర్తు కూడా. "అది మీ తల నీడేనమ్మా, కొంచెం వెనక్కి జరిపి చూడండి," అన్నాను. జరిపింది. కాళ్ళు తెల్లబడ్డాయి. మళ్ళీ దగ్గరికి తెచ్చింది, నల్లబడ్డాయి.

"నా రాయిలో నా నీడ ఎప్పుడూ పడలా," అంది. "నా రాళ్ళు యాడ పెట్టినారు?"

అప్పుడు చెప్పాను. ఒకటి సరస్సులో పోయిందని, మిగిలినదాన్ని సానపట్టించామని, దానికి కొత్త జత తెప్పించామని. చుక్క ఎందుకు పోయిందో చెప్పాను. చెన్నై మెట్ల సంగతి చెప్పలేదు. అంకమ్మ తల వంచుకుని వింది. పోలమ్మ కోడలిని తిట్టలేదు. బురదలో వెతికినావా అని మాత్రం అడిగింది. మూడు రోజులు అంది అంకమ్మ. తాళం పొయ్యిందన్నావే, ఆ మూడు రోజులా అని అడిగింది. అవునంది. పోలమ్మ తల ఊపింది. నమ్మిందో లేదో నాకు తెలియలేదు. ఇన్నాళ్ళూ నా కన్ను దీని కోసరమే ఆపినావా అని మూడో ప్రశ్న వేసింది. 

అంకమ్మ తలెత్తి నా వైపు తిరిగి అడిగింది. "పోనీలే, ఒకటన్నా ఉండాది గదా. రెండింట్లో మాది ఏదక్కా? అది చూపించు. ఆమె చేతిలో అది పెడతా."

లూప్ తీశాను. కుడిది చూశాను, ఎడమది చూశాను. మళ్ళీ కుడిది చూశాను. గీత పోయింది. బరువు ఒకటే. కొలతలు ఒకటే. కొన్ని రాళ్ళు నీలంగా వెలిగే అల్ట్రావయొలెట్ దీపం కింద పెట్టి చూస్తే రెండూ ఒకేలా చీకటిగా ఉన్నాయి. సూరత్‌కు ఫోను చేశాను, మాకు జత చేయమన్నారు చేశాం, ఏది ఏదో రాసుకోమని మీరు చెప్పలేదు అన్నారు. నిజమే, చెప్పలేదు. ప్రయోగశాల కాగితం ఉంటే కూడా ఇప్పుడు ఉపయోగం ఎంతో తెలియదు గాని, అదీ లేదు. వాళ్ళిద్దరూ నా ముఖం చూస్తూ కూర్చున్నారు. ఒకామెకు అన్నీ కొత్తగా కనిపిస్తున్నాయి.

అబద్ధం చెప్పడం చాలా తేలిక. కుడిది అంటే సరిపోయేది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నోటికి రాలేదు.

"తెలియదు," అన్నాను.

పోలమ్మ నల్లద్దాలు పెట్టుకుంది. "మార్చేసి ఉంటే కూడా ఇట్టనే అంటారు," అంది కోడలితో, నాకు వినిపించాలని కాదు, దాచాలని కూడా కాదు. అంకమ్మ నా వైపు చూసింది. అంగడి మనుషులం ఎన్ని చేసినా మార్చేశారు అనే మాట మాత్రం పడం, మా నాయన ఆ మాట అన్న ఒక మనిషితో చచ్చేదాకా మాట్లాడలేదు. నేను ఆ మాట పడ్డాను. కాదని నిరూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అంకమ్మ లేచి అత్త చెయ్యి పట్టుకుంది. కమ్మలు ట్రేలోనే ఉన్నాయని గుర్తుచేశాను.

"ఏది మాదో తెలిసినప్పుడు చెప్పక్కా, వస్తా," అంది.

మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను పిలిచాను. మొదటి మలుపు దాటకముందే పిలిచాను. ఆగలేదు.

తరవాత రెండుసార్లు ఫోను చేశాను, ఒకసారి మనిషిని పంపాను. కమ్మలు వెనక్కి తీసుకోలేదు. దుకాణం సరుకు కాదు కాబట్టి అమ్మడానికి లేదు. యజమాని విని, నిన్ను తీసెయ్యనుగాని దాన్ని నీ సంతకం మీదే పెట్టుకో అన్నాడు. ఏటేటా సరుకు తనిఖీ రోజున ఆ పొట్లం విప్పి, కమ్మలు తూచి, గేజి పెట్టి, పొట్లం మీద రాసినదానితో సరిచూసి మళ్ళీ కట్టేవాళ్ళం. అంకెలన్నీ ప్రతిసారీ సరిపోయేవి.

నేను రిటైరైన రోజున కౌంటరు అప్పజెప్పే జాబితాలో చివరి వరస అదే. ఖాతాదారు సొత్తు, ఒంటిరాయి కమ్మలు, జత ఒకటి. నా తరవాత వచ్చిన అమ్మాయి లూప్‌లో చూసి, ఇంత బాగా కుదిరిన జత మన దుకాణంలో ఇంకోటి లేదు మేడం అంది. అవును, సంతకం పెట్టు అన్నాను.

గుండ్రటి రాయి కొనేవాళ్ళు టేబుల్, లోతు, గర్డిల్ అడగండి, కాగితం మీద రాయించుకోండి, దుకాణం దీపాలకు దూరంగా నీడలో చూడండి. పాత రాయి ఉంటే దాని కొలతలను తప్పులు అనుకోకండి. సానకు ఇచ్చేముందు అది ఏ రాయో గుర్తుపట్టే కాగితం చేయించండి, రెంటిని ఒకే పొట్లంలో పెట్టనివ్వకండి. కొలతలు సరిపోవడం వేరు, అదే రాయి కావడం వేరు. మొదటిది గేజి చెబుతుంది. రెండోది ముందే రాసి పెట్టుకోకపోతే తరవాత ఎవరూ చెప్పలేరు, అమ్మినవాళ్ళు కూడా.